అరచేతిలోని రథం

పాఠ్యభాగ నేపథ్యం

అసలు వస్తువు ఆకారాన్ని, దాని అవయవాల నిష్పత్తిని నిలుపుకొంటూ చిన్న ప్రమాణంలో నిర్మించిన ప్రతిరూపాన్ని స్కేల్ మోడల్ అంటారు. తెలుగులో దీనిని ప్రమాణబద్ధమైన నమూనా అని చెప్పుకోవచ్చు. కార్ల నమూనాలకు కావలసిన విడిభాగాలను ఒక పెట్టెలో అమర్చి అమ్ముతారు. ఆ పెట్టెకు కిట్ అని పేరు. విడిభాగాలను స్వయంగా అతికించి, రంగులు వేసి, సూక్ష్మాంశాలను జోడించి, కారును పూర్తి చేయడం ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో అమెరికా, బ్రిటన్, జపాన్ దేశాలలో విస్తరించిన అభిరుచి. ఆ అభిరుచి చరిత్రను, నిర్మాణ విధానాన్ని, అది మనిషికి నేర్పే క్రమశిక్షణను ఈ పాఠం పరిచయం చేస్తుంది.

ఉద్దేశం

హస్తనైపుణ్యం పట్ల గౌరవాన్ని, వస్తువులను నిశితంగా పరిశీలించే అలవాటును, చేసిన తప్పును సకాలంలో గుర్తించి దిద్దుకొనే ధైర్యాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తాటిబుర్రలకు పుల్ల గుచ్చి, బండి చేసి, వీధి వెంట తోలుకుపోయిన బాల్యం తెలుగు పల్లెలకు కొత్త కాదు. ఆ బండికి నిజమైన బండితో పోలిక చక్రాలలో మాత్రమే ఉంటుంది. తక్కినదంతా బాలుని ఊహయే పూరిస్తుంది. వయస్సు పెరిగిన కొద్దీ ఊహకు తోడుగా పరిశీలన మేల్కొంటుంది. బండికి నొగలు ఎందుకు, కాడిని ఎక్కడ కట్టాలి, ఇరుసు చక్రం నుండి ఎంత బయటికి రావాలి అనే ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు పుట్టిననాడే ఆటబొమ్మ నమూనాగా మారడం ఆరంభమవుతుంది. ఆటబొమ్మ అసలు వస్తువును గుర్తుకు తెస్తే చాలు. నమూనా అసలు వస్తువుకు సాక్ష్యం చెప్పాలి.

నమూనాకు ప్రాణం నిష్పత్తి. 1/24 ప్రమాణం అంటే అసలు కారులోని ఇరవైనాలుగు సెంటీమీటర్లు నమూనాలో ఒక్క సెంటీమీటరు అవుతాయని అర్థం. 1950ల చివరి నుండి 2014 వరకు మనదేశంలో తయారైన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.32 మీటర్లు. దానిని ఈ ప్రమాణంలో నిర్మిస్తే 18 సెంటీమీటర్ల పొడవుతో అరచేతిలో ఒదిగిపోతుంది. పొడవు ఇరవైనాలుగవ వంతు అయినప్పుడు ఉపరితల వైశాల్యం 576వ వంతు, ఘనపరిమాణం 13,824వ వంతు అవుతాయి. సుమారు 1,100 కిలోగ్రాముల బరువున్న ఆ కారును అవే లోహాలతో, అదే నిష్పత్తిలో కుదించగలిగితే అది 80 గ్రాములు మాత్రమే తూగుతుంది. గణిత పుస్తకంలో నిర్జీవంగా కనిపించే వర్గాలు, ఘనాలు ఇక్కడ చేతికి తగులుతాయి.

అయితే వస్తువును కుదించినట్లు రంగును, ధూళిని కుదించలేము. ఒక మిల్లీమీటరులో పదవ వంతు మందం గల రంగుపూత కంటికి చాలా పలుచనిదే. కాని 1/24 నమూనాపై అంత మందం ఉంటే, అది అసలు కారుపై 2.4 మిల్లీమీటర్ల మందాన రంగు పులిమిన దానితో సమానం. ఆ పూత కింద తలుపుల సందులు పూడుకుపోతాయి. సంస్థ పేరు చెక్కిన సన్నని అక్షరాలు మాసిపోతాయి. అసలు కారుకు వేసే లోహపు మెరుపు రంగును నమూనాకు వేస్తే అందులోని రేణువులు ఆ ప్రమాణానికి నాణేలంత పెద్దవిగా కనబడతాయి. అందువలన నమూనాకారుడు అత్యంత సూక్ష్మమైన రేణువులు గల రంగులను ఎంచుకొని, పలుచగా, పొర వెంట పొరగా వేస్తాడు.

వాడుకలో ఉన్న ప్రమాణాలన్నింటికీ ఒక్కొక్క చరిత్ర ఉంది. ఒక అడుగును ఒక అంగుళంగా కుదిస్తే 1/12, అర అంగుళంగా కుదిస్తే 1/24 అవుతుంది. చేతిలో ఇమిడే చిన్న లోహపు కార్లలో కనిపించే 1/43 ప్రమాణం బొమ్మ రైళ్ళ నుండి వచ్చింది. బ్రిటన్‌లో ఒక అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్కన రైలు నమూనాలు చేసేవారు. ఆ రైళ్ళ పక్కన నిలపడానికి తగిన కార్లు కావలసి వచ్చి ఈ ప్రమాణం కార్లకు కూడా స్థిరపడింది. అమెరికాలో 1/25 ప్రమాణం ఎక్కువగా ప్రచారంలో ఉంది.

ఈ 1/25 ప్రమాణం కథ కార్లను అమ్మే దుకాణాలలో మొదలవుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అమెరికాలోని కార్ల సంస్థలు తమ కొత్త కార్ల చిన్న ప్రతిరూపాలను తయారు చేయించి అమ్మకందారుల చేత పంచిపెట్టించేవి. తండ్రి అసలు కారును పరీక్షిస్తుండగా బిడ్డ చేతిలో దాని ప్రతిరూపం ఉండేది. ఇటువంటి ప్రతిరూపాల తయారీకి 1948లో మిచిగన్ రాష్ట్రంలో వెలసిన ఏఎంటీ సంస్థ పేరు పొందింది. అల్యూమినియం మోడల్ టాయ్స్ అనే పేరులోని తొలి అక్షరాలే ఏఎంటీ. పేరులో అల్యూమినియం నిలిచిపోయినా, సంస్థ త్వరలోనే ప్లాస్టిక్‌కు మారింది. ఆ తొలినాళ్ళ బొమ్మలలో వాడిన సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌లో ఒక గుప్తదోషం ఉండేది. కొత్తలో నున్నగా, నిగనిగలాడుతూ కనిపించిన బొమ్మ ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుపోయి వంకర తిరిగేది. నేడు పాతవస్తువుల సేకర్తల వద్ద ఉన్న ఆనాటి కార్లలో పైకప్పు వంగినవి, నడుము కుంగినవి కనిపిస్తాయి. తరువాత వాడుకలోకి వచ్చిన పాలీస్టైరీన్ ఆకారాన్ని నిలుపుకొన్నది. పైకి కనబడని పదార్థ స్వభావమే చివరికి పైకి కనబడే రూపాన్ని శాసిస్తుందనడానికి ఈ వంకర తిరిగిన కార్లు నిదర్శనాలు.

1950ల ఆరంభంలో కాలిఫోర్నియాలోని రెవెల్ సంస్థ హైవే పయనీర్స్ అనే పేరుతో పాతకాలపు కార్ల కిట్లను 1/32 ప్రమాణంలో విడుదల చేసింది. 1958లో ఏఎంటీ సంస్థ ఒకే పెట్టెతో మూడు రకాలుగా కారును నిర్మించుకొనే సౌకర్యం కల్పించింది. కర్మాగారం నుండి వచ్చినట్లు, సొంత అభిరుచికి తగ్గట్లు మార్చుకొన్నట్లు, పందానికి సిద్ధం చేసినట్లు కారును రూపొందించుకోవచ్చు. దీనితో కిట్ కొన్న బాలుడు కేవలం సూచనలను పాటించేవాడుగా మిగలక, తానే ఒక నిర్ణయం తీసుకొనే స్థితికి ఎదిగాడు.

ఈ కిట్ల కంటె ముందే నమూనా నిర్మాణం భవిష్యత్తుకు ద్వారం కాగలదని నిరూపించిన ఒక పోటీ అమెరికాలో ఉండేది. జనరల్ మోటార్స్ సంస్థలోని ఫిషర్ బాడీ విభాగం 1930 నుండి 1968 వరకు క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అనే పేరుతో దానిని నిర్వహించింది. తొలి సంవత్సరాలలో నెపోలియన్ కాలపు రాచబండిని నమూనాగా చేయవలసి వచ్చేది. తరువాత పోటీదారు తాను స్వయంగా ఊహించిన కారును చెక్కి చూపే విధానం వచ్చింది. విజేతలకు విశ్వవిద్యాలయ విద్యకై ఉపకార వేతనాలు ఇచ్చేవారు. 1947లో ఈ పోటీలో గెలిచిన చార్లెస్ జోర్డాన్ అనే యువకుడు అదే సంస్థలో చేరి, 1986లో రూపకల్పన విభాగానికి ఉపాధ్యక్షుడు అయ్యాడు. అయితే ఆ పోటీ బాలురకు మాత్రమే పరిమితం. అంతటి అవకాశం బాలికలకు అందకపోవడం ఆ కాలపు లోపంగానే గుర్తించాలి.

అమెరికన్ ప్లాస్టిక్ కిట్లు 1950లలో జపాన్‌కు చేరినప్పుడు అక్కడి కొయ్య నమూనాల పరిశ్రమ కుదేలైంది. కొయ్యపనికి ప్రసిద్ధి చెందిన షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా ఆరంభమై, కొయ్య నమూనాల తయారీలో స్థిరపడిన తామియా సంస్థ కూడా ఆ దెబ్బ తిన్నది. 1960లో ఆ సంస్థ ప్లాస్టిక్ నమూనాల వైపు మరలింది. దానిని ప్రపంచ ప్రసిద్ధం చేసిన తామియా షున్‌సాకు చేసిన ఒక సాహసం ఈ రంగంలో తరచుగా తలచుకోదగినది. 1976లో విడుదలైన 1/12 ప్రమాణపు పోర్షె 934 పందెపు కారు కిట్ కోసం ఆయన బృందం ఛాయాచిత్రాలతో, కొలతలతో తృప్తి చెందలేదు. ఒక నిజమైన పోర్షె 911 కారును కొని, దానిని భాగాలుగా విప్పివేసి, ఏ భాగం దేనితో ఎలా కలుస్తున్నదో పరిశీలించారు. విప్పిన కారును తిరిగి బిగించడానికి నిపుణుల సహాయం తీసుకోవలసి వచ్చింది. అంత శ్రమతో వెలువడిన కిట్ మన్ననలు పొందినా, దానికైన వ్యయాన్ని మాత్రం రాబట్టలేకపోయింది. అప్పుడు అదే కారు ఆకారాన్ని రేడియో తరంగాలతో నడిచే కారుగా మలచి అదే సంవత్సరం విడుదల చేశారు. సంస్థకు ఒక కొత్త శాఖ అలా ఏర్పడింది. లాభాన్ని లెక్కించి చేసిన పని కంటె, వస్తువును తెలుసుకోవాలనే పట్టుదలతో చేసిన పని కొన్నిసార్లు దూరం నడిపిస్తుంది.

ఇక నిర్మాణ విధానాన్ని పరిశీలిద్దాం. కిట్ పెట్టెను తెరవగానే ప్లాస్టిక్ చట్రాలకు కాయల వలె అతుక్కొని ఉన్న భాగాలు కనిపిస్తాయి. కరిగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపినప్పుడు అది ప్రవహించిన కాలువలే ఆ చట్రాలు. భాగం అచ్చు నుండి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు దానిపై మిగిలి ఉండవచ్చు. అందుచేత మొదట భాగాలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. ఒక్కొక్క భాగాన్ని చట్రం నుండి తుంచకూడదు. పదునైన కత్తెరతో కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొలకను సన్నని ఆకురాయితో అరగదీయాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ఏర్పడిన సన్నని గీతను, అచ్చు సూదులు తోసిన చోట మిగిలిన గుండ్రని గుర్తులను కూడా తొలగించాలి.

అతికించడానికి ముందు జిగురు లేకుండా భాగాలను కలిపి చూడాలి. ఈ ఒక్క నియమాన్ని పాటించకపోవడం వలననే తొలి కార్లలో చాలా భాగం చెడిపోతాయి. పాలీస్టైరీన్‌కు వాడే జిగురు నిజానికి జిగురు కాదు. అది ప్లాస్టిక్‌నే కొంచెం కరిగించి రెండు భాగాలను ఒకటిగా చేసే ద్రావకం. కాగితాన్ని అతికించినట్లు ఊడదీసి మళ్ళీ అతికించడం ఇక్కడ కుదరదు. కిటికీ అద్దాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. క్షణాలలో పట్టే సూపర్ గ్లూ ఆవిరి పారదర్శకమైన భాగాలపై తెల్లని పొగమంచు వలె పేరుకుపోతుంది. అందుకని అద్దాలకు వడ్రంగులు వాడే తెల్ల జిగురే మేలు. అది ఆరిన తరువాత పారదర్శకమవుతుంది.

కారు పైభాగం అతికించిన తరువాత సందులను, గుంటలను లప్పంతో పూడ్చి, నీటితో తడిపిన వాటర్ పేపరుతో రుద్ది నునుపు చేయాలి. ఆపైన బూడిదరంగు ప్రైమర్ వేయాలి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల సొట్టలు తీసిన కారుకు రంగు వేసే పనివారిని గమనిస్తే ఇదే క్రమం కనిపిస్తుంది. మన కొండపల్లి కళాకారులు కూడా ఇదే మార్గాన నడిచారు. తేలికైన తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికించి, సందులు పూడ్చి, తెల్లని సున్నపు పూత పూసి, ఆ తరువాతనే రంగులు వేస్తారు. అంబారీ ఏనుగుకైనా, షిజువోకాలో పుట్టిన పందెపు కారుకైనా పునాది సూత్రం ఒక్కటే: అడుగు పొర నిజాయితీగా ఉంటేనే పైపొర నిలుస్తుంది.

కొత్తగా ఈ పని చేపట్టినవారు ఒక భ్రమలో ఉంటారు. కొద్దిపాటి గీతలను, గుంటలను రంగు కప్పివేస్తుందని వారి నమ్మకం. అనుభవం దీనికి వ్యతిరేకంగా బోధిస్తుంది. మెరిసే రంగు దోషాన్ని దాచదు; చాటుతుంది. మసక బూడిదరంగు కింద కనబడని గోటిగీత కూడా నల్లని మెరుగు రంగు కింద వెలుగు పడగానే పగులు వలె తోస్తుంది. ప్రైమర్ వేయడంలో ఉన్న ముఖ్య ప్రయోజనం ఇదే. అది రంగును పట్టి ఉంచడమే గాక, ఉపరితలమంతటిని ఒకే వర్ణంలో చూపి, ఏ గుణదోషాలు ఎక్కడ ఉన్నాయో తేటతెల్లం చేస్తుంది. ప్రైమర్ దశలో కనబడిన గుంటను పూడ్చడానికి ఒక సాయంత్రం చాలు. దానిని చూచి కూడా చూడనట్లు రంగు వేసినవాడు, తరువాత ఆ రంగునంతా తొలగించి మొదటికి రావలసి ఉంటుంది. తప్పు చేయడం ఈ పనిలో పెద్ద నష్టం కాదు. తప్పును ఒప్పుకోవడంలో చేసే ఆలస్యమే నష్టం.

రంగు వేయడంలో ఓర్పుకు పరీక్ష జరుగుతుంది. దగ్గరగా పట్టి ఎక్కువ రంగు చల్లితే అది కన్నీటి చారల వలె కారుతుంది. మరీ దూరం నుండి చల్లితే రంగు గాలిలోనే సగం ఆరి, బత్తాయి తొక్క వలె గరుకుగా పడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున లక్కరు రంగులు వేస్తే పైపొర పాలిపోయి తెల్లబడుతుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంతాలలో వర్షాకాలపు సాయంత్రాలు ఈ పనికి అనువు కావు. పలుచని పొర ఒకటి వేసి, ఆరనిచ్చి, మరొకటి వేస్తూ పోవాలి. ఆరిందో లేదో తెలుసుకోవాలని వేలితో తాకినవాని వేలిముద్ర ఆ కారుపై శాశ్వతంగా నిలిచిపోతుంది.

కారు ఆకారం పూర్తి అయిన తరువాత మొదలయ్యేదే సూక్ష్మాంశాల పని. పెట్టెలో లేని వాటిని పరిశీలనతో జోడించడం దీని లక్షణం. కిటికీల అంచులలోని మెరుపు పట్టీలకు వెండిరంగు పూయడానికి బదులు, వెనుక జిగురున్న అతిపలుచని లోహపు రేకును అద్ది, కొత్త బ్లేడుతో అంచు వెంట కోస్తారు. తలుపుల సందులలో పలుచని నల్లరంగును నింపి, తలుపు నిజంగా తెరుచుకొంటుందన్న భ్రాంతి కలిగిస్తారు. సన్నని రాగితీగతో ఇంజనుకు విద్యుత్ తీగలు అమర్చుతారు. ఇక్కడ వస్తుజ్ఞానం తప్పనిసరి. పాతకాలపు నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో డిస్ట్రిబ్యూటర్ మూత నుండి నాలుగు తీగలు నాలుగు స్పార్క్ ప్లగ్గులకు వెళ్తాయి. మధ్యనున్న ఐదవ తీగ ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్తుంది. ఆ ఐదవ తీగ ఎందుకో తెలియనివాడు నాలుగే అమర్చి, పని పూర్తయిందనుకొంటాడు. తెలిసినవాని కంటికి ఆ ఇంజను ఎన్నటికీ కదలదు.

పాతబడిన కారును చూపదలచినప్పుడు పరిశీలన మరింత లోతుగా సాగాలి. తుప్పు కారంతటా సమానంగా పట్టదు. నీరు, బురద నిలిచే చక్రాల పైవంపులలో, తలుపుల అడుగు అంచులలో అది మొదలవుతుంది. దుమ్ము కూడా ఊరిని బట్టి రంగు మారుస్తుంది. తెలంగాణ చెల్క నేలల దారిలో తిరిగిన కారుకు ఎర్రదుమ్ము, కృష్ణా డెల్టా పొలాల గట్ల వెంట తిరిగిన కారుకు నల్లమట్టి అంటుకొంటాయి. డ్రైవరు ఎక్కిదిగే వైపున రంగు ఎక్కువగా అరిగి ఉంటుంది. ఈ సంగతులు ఏ సూచనల కాగితంలోనూ ఉండవు. బస్టాండు ఎదుట నిలిచిన టాక్సీలను కొన్నాళ్ళు శ్రద్ధగా చూచినవానికే అవి తెలుస్తాయి. ఇంతకాలం కళ్ళ ముందున్నదానిని ఇప్పుడు మాత్రమే చూచామన్న ఎరుక కలగడం ఈ అభిరుచి ఇచ్చే తొలి బహుమానం.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఎదురవుతుంది. ఇంజనుకు తీగలు అమర్చి, సీట్లకు బెల్టులు కట్టి, నేలపై తివాచీని తలపించే మెత్తని నూగు అద్దిన తరువాత, బానెట్‌ను మూసి, పైకప్పును అతికించి, కారును అద్దాల బీరువాలో నిలుపుతారు. లోపలి పని ఇక ఎవరికీ కనబడదు. కనబడని దానికై ఇన్ని రాత్రుల శ్రమ ఎందుకు? మార్కులు, ర్యాంకుల చుట్టూ తిరిగే వయస్సులోని విద్యార్థికి ఈ ప్రశ్న మరింత పదునుగా తోస్తుంది. పరీక్షలో రాని పాఠాన్ని చదవకుండా వదిలివేయడం అతనికి అలవాటైన లెక్క.

దీనికి సమాధానం చేసినవాని అనుభవంలో ఉంది. కనబడని పనిని విడిచిపెట్టినవాడు ఆ సంగతిని మరువలేడు. ఇతరులు కారును మెచ్చుకొన్న ప్రతిసారి అతని మనస్సు మూసిన బానెట్ వైపు పోతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఆ ఐదవ తీగను అమర్చడానికి అతడు ఇంజను ఎలా పనిచేస్తుందో తెలుసుకొన్నాడు. తీగ బానెట్ కింద ఉండిపోయినా, తెలుసుకొన్నది అతనితోనే బయటికి వస్తుంది. ఎవరూ దిద్దని ఈ జవాబు పత్రంలో తానే విద్యార్థి, తానే పరీక్షకుడు. తనకు తాను అన్యాయంగా మార్కులు వేసుకొనే అవకాశం అడుగడుగునా ఉన్నా, వేసుకోకుండా ఉండడమే ఇక్కడి ఉత్తీర్ణత.

ఈ అభిరుచిలో జాగ్రత్తలు, లోపాలు లేకపోలేదు. రంగుల, ద్రావకాల ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కిటికీలు తెరిచిన గదిలో, తగిన మాస్కు ధరించి, నిప్పుకు దూరంగా పని చేయాలి. బ్లేడును ఎల్లప్పుడు చేతికి ఎదురుగా కాక బయటి వైపుకు నడపాలి. మంచి కిట్లు మనదేశానికి చాలావరకు విదేశాల నుండి రావడం వలన వెల ఎక్కువ. కొత్త పెట్టెలను కొని పేర్చుకొంటూ, ఒక్కటి కూడా పూర్తి చేయనివారు ఈ రంగంలో తక్కువేమీ కాదు. కొనడం అభిరుచి కాదు, చేయడమే అభిరుచి. వెల భరించలేని విద్యార్థి అట్టముక్కలతో, పాత బొమ్మ కారుతో, ఒక స్కేలుతో కూడా మొదలుపెట్టవచ్చు. ఇంటి ముందున్న ఆటోను కొలిచి, కాగితంపై 1/24 ప్రమాణంలో గీసి, అట్టతో నిలబెట్టినవాడు ఖరీదైన పెట్టెను తెరవకుండా దాచుకొన్నవాని కంటె గొప్ప నమూనాకారుడు. ఇటీవల త్రీడీ ముద్రణ యంత్రాలు గోటికంటె చిన్న భాగాలను కూడా ముద్రించి ఇస్తున్నాయి. అయినా ఏ భాగం కావాలో, అది ఎక్కడ ఉండాలో నిర్ణయించవలసిన చూపు మాత్రం మనిషిదే.

ఉత్తరపరాలోని కర్మాగారం నుండి అంబాసిడర్ కార్లు రావడం 2014లో ఆగిపోయింది. రోడ్లపై మిగిలినవి ఏటేటా తగ్గిపోతున్నాయి. కొంతకాలానికి ఆ కారు తలుపు పిడి ఎలా ఉండేదో, దాని డ్యాష్‌బోర్డు మీద ఏ మీట ఎక్కడ ఉండేదో చెప్పగలవారు అరుదవుతారు. శ్రద్ధగా కొలిచి, నిజాయితీగా నిర్మించిన పద్దెనిమిది సెంటీమీటర్ల నమూనా ఒకటి ఏదో ఒక ఇంటి బీరువాలో ఉంటే, అది ఆ రోజున సాక్ష్యం చెబుతుంది. సాక్ష్యం విలువ చెప్పేవాని సత్యనిష్ఠను బట్టి ఉంటుంది. మూసిన బానెట్ కింద ఐదవ తీగ ఉన్నదా లేదా అన్నది అందుకే చిన్న విషయం కాదు.

కఠిన పదాలకు అర్థాలు

నొగలు : బండికి ముందువైపు ఉండే పొడవైన కర్రలు
ఇరుసు : చక్రాలను కలిపే కడ్డీ
గుప్తదోషం : పైకి కనబడని లోపం
నిదర్శనం : ఉదాహరణ, ఆధారం
ద్రావకం : ఇతర పదార్థాలను కరిగించే ద్రవం
ఆకురాయి : అరగదీసే పనిముట్టు
లప్పం : సందులు, గుంటలు పూడ్చే ముద్ద
మక్కు : కొండపల్లి బొమ్మల భాగాలను అతికించే ముద్ద
తేటతెల్లం : మిక్కిలి స్పష్టం
భ్రాంతి : లేనిది ఉన్నట్లు తోచడం
సత్యనిష్ఠ : నిజం పట్ల నిలకడ

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. కారు నమూనాల కిట్లు అమెరికాలో, జపాన్‌లో అభివృద్ధి చెందిన తీరును వివరించండి.
2. "కనబడని దానికై ఇన్ని రాత్రుల శ్రమ ఎందుకు?" అనే ప్రశ్నకు పాఠం ఇచ్చిన సమాధానాన్ని చర్చించి, మీ అభిప్రాయం తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.

1. ఆటబొమ్మకు, నమూనాకు గల భేదం ఏమిటి?
2. కొండపల్లి బొమ్మల తయారీకి, కారు నమూనా నిర్మాణానికి ఉన్న పోలికలను తెలపండి.
3. ప్రైమర్ వేయడం వలన కలిగే ప్రయోజనాలు ఏవి?
4. పాతబడిన కారును చూపదలచిన నమూనాకారుడు వేటిని పరిశీలించాలి?

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. ఏఎంటీ అనే అక్షరాలకు పూర్తి రూపం ఏమిటి?
2. 1/43 ప్రమాణం వేటి నుండి వచ్చింది?
3. కిటికీ అద్దాలను అతికించడానికి ఏ జిగురు మేలు?
4. పాతకాలపు నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో ఐదవ తీగ ఎక్కడికి వెళ్తుంది?

IV. ఈ క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. "నమూనా అసలు వస్తువుకు సాక్ష్యం చెప్పాలి."
2. "మెరిసే రంగు దోషాన్ని దాచదు, చాటుతుంది."
3. "కొనడం అభిరుచి కాదు, చేయడమే అభిరుచి."

V. భాషాంశాలు

సంధులు
సూక్ష్మాంశాలు = సూక్ష్మ + అంశాలు : సవర్ణదీర్ఘ సంధి
తక్కినదంతా = తక్కినది + అంతా : ఇత్వ సంధి
ఒక్కొక్క = ఒక్క + ఒక్క : ఆమ్రేడిత సంధి

సమాసాలు
గుణదోషాలు : గుణమును దోషమును : ద్వంద్వ సమాసం
నల్లరంగు : నల్లనైన రంగు : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు తీగలు : నాలుగు సంఖ్య గల తీగలు : ద్విగు సమాసం
వస్తుజ్ఞానం : వస్తువు యొక్క జ్ఞానం : షష్ఠీ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని

మీ ఇంటిలోని సైకిలు, కుట్టుమిషను, బీరువా వంటి ఒక వస్తువును కొలిచి, 1/12 ప్రమాణంలో దాని పటాన్ని గీయండి. కొలిచేటప్పుడు అంతవరకు మీరు గమనించని మూడు విషయాలను పటం కింద రాయండి.